పోయిందనుకున్న డిస్కు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు పది నిమిషాలు మాట్లాడమని ఆదేశించారు. డి.ఎ. గురించి, వైద్య బిల్లుల గురించి నాకంటె బాగా చెప్పగల పెద్దలు ఇక్కడే ఉన్నారు. అందుచేత మా యింట్లో గత వేసవిలో వచ్చిన ఒక చిక్కును గురించి మనవి చేస్తాను. వినడానికి చిన్నదే. కాని నాలుగు రోజులు నాకు అన్నం సయించనివ్వలేదు.

నా శ్రీమతి 2019లో కాలం చేసింది. ఆమె మంగళహారతులు బాగా పాడేది. ఆ పాటలను పాత క్యాసెట్ల నుంచి మా అమ్మాయి కంప్యూటర్లోకి ఎక్కించి, కుటుంబ ఫోటోలతో కలిపి ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులో పెట్టి ఇచ్చింది. అరచేతిలో పట్టే పెట్టె. నా సర్వీసు కాగితాల నకళ్ళు, పి.పి.ఓ. నకలు కూడా అందులోనే ఉన్నాయి. సాంవత్సరికం రోజున అందరికీ ఆ గొంతు వినిపిద్దామని కంప్యూటర్‌కు తగిలిస్తే డిస్కు కనిపించింది, రెండు నిమిషాల్లో మాయమైంది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. దుకాణానికి తీసుకువెళితే అక్కడి కుర్రవాడు ఒకసారి చూసి, "డిస్కు పోయింది తాతగారూ, లోపలివి తీయాలంటే చాలా ఖర్చవుతుంది" అన్నాడు.

ఇంటికి వచ్చి కూర్చున్నాక నా పాత ఉద్యోగం గుర్తుకు వచ్చింది. నేను ముప్పైమూడేళ్ళు టెలిఫోన్ కేబుళ్ళతో పనిచేసినవాణ్ణి. ఒక ఫోను మూగబోతే ఎక్స్ఛేంజి పాడయిందని మేము ఎన్నడూ అనలేదు. డి.పి. దగ్గర ఒకసారి, పిల్లర్ దగ్గర ఒకసారి లైను పరీక్షించి, తప్పు ఎటువైపు ఉందో తేల్చుకునేవాళ్ళం. పూర్తిగా చచ్చిన లైను వేరు, వచ్చి పోయే లైను వేరు. వచ్చి పోతున్నదంటే ఎక్కువసార్లు జాయింటులోనే తప్పు. డిస్కుకు మాత్రం ఇది ఎందుకు వర్తించకూడదు?

అయితే ఒక జాగ్రత్త ముందు చెప్పాలి. డిస్కును చెవి దగ్గర పెట్టుకుని వినండి. మెత్తని గిరగిర శబ్దం సహజమే. టక్, టక్ మని ఆగి ఆగి కొడుతున్నా, ఈమధ్య కింద పడి ఉన్నా ఇక తగిలించవద్దు. లోపల రికార్డు తిరిగినట్లు పళ్ళెం తిరుగుతూ ఉంటుంది, దానికి వెంట్రుక మందం కంటె చాలా తక్కువ ఎత్తులో చదివే ముల్లు కదులుతుంది. దెబ్బతిన్న ముల్లును మళ్ళీ మళ్ళీ తిప్పితే పళ్ళెం మీద ఉన్నదంతా గీసుకుపోతుంది. అది నిపుణుల పని.

నా డిస్కు నుంచి అటువంటి శబ్దం లేదు. అది ఎప్పుడు తెగిపోతున్నదో చూశాను. ఇది ముఖ్యం. తీగ కదిలినప్పుడు తెగితే తీగలోనో, కొనలోనో తప్పు. పెద్ద ఫైళ్ళు కాపీ చేసేటప్పుడు తెగితే కరెంటు చాలడం లేదన్న అనుమానం. కాసేపు ఊరకే ఉన్న తర్వాత తెగితే, కరెంటు పొదుపు కోసం కంప్యూటరే దాన్ని నిద్రపుచ్చుతున్నదేమో చూడాలి.

నాది మొదట తీగ కదిలితే తెగింది. మా మనవడితో అదే రకం కొన ఉన్న పొట్టి తీగ తెప్పించాను. కొంత మేలు కనిపించింది. కాని కాపీ మొదలుపెడితే మళ్ళీ తెగింది. మనవడు, "తీగ కాదు తాతయ్యా" అని పాతది మళ్ళీ పెట్టబోయాడు. వద్దన్నాను. ఒకే లైనులో రెండు తప్పులుండడం నేను ఎన్నోసార్లు చూశాను. ఒకసారికి ఒకటే మార్చాలి, మేలు చేసిన మార్పును అలాగే ఉంచి ముందుకు పోవాలి.

తర్వాత కరెంటు సంగతి. చిన్న డిస్కుకు వేరే అడాప్టరు ఉండదు, కంప్యూటర్ ఇచ్చే 5 వోల్టులతోనే బతుకుతుంది. పాత యు.ఎస్.బి. 2.0 రంధ్రం ప్రమాణం ప్రకారం 500 మిల్లీ ఆంపియర్లే ఇవ్వాలి. 2008లో వచ్చిన 3.0 రకం 900 ఇస్తుంది. మేము డిస్కును కంప్యూటర్ ముందు భాగంలో, మౌసు, ప్రింటరు అన్నీ వేలాడే హబ్బుకు తగిలించాం. నలుగురికి వండిన అన్నం పదిమందికి పంచినట్లయింది. హబ్బు తీసేసి, వెనుకవైపు మదర్‌బోర్డులో నేరుగా ఉన్న రంధ్రంలో పెట్టాం. అంతే, డిస్కు నిలబడింది! పెద్ద డిస్కుకయితే 12 వోల్టుల అడాప్టరు ఉంటుంది. అది నీరసించినా ఇదే జబ్బు. కాని కొన పట్టింది కదా అని లాప్‌టాప్ అడాప్టరు తగిలించవద్దు, వోల్టేజి ఎక్కువై డిస్కు కాలిపోతుంది.

ఇన్ని చేసినా తెగిపోతే వేరే కంప్యూటర్‌కు పెట్టి చూడండి. అక్కడ నిలబడితే తప్పు మన కంప్యూటర్‌లో ఉన్నట్లు. అప్పుడు పిల్లలను అడిగి విండోస్ పవర్ ఆప్షన్స్‌లో యు.ఎస్.బి. సెలెక్టివ్ సస్పెండ్ అనేదాన్ని ఆపించండి. అక్కడ కూడా తెగితే తప్పు డిస్కులోనో, దాని పెట్టెలోనో ఉన్నట్లు.

ఇక ముఖ్యమైన మాట. డిస్కు నిలబడగానే బాగుపడిందని సంతోషించి ఊరుకోకండి. వెంటనే కాపీ తీయండి. అన్నీ ఒకేసారి కాదు, పోతే మళ్ళీ దొరకనివి ముందు. నేను పాటలు ముందు తీశాను, ఫోటోలు తర్వాత, కాగితాలు చివర. కాగితాల నకళ్ళు ఆఫీసులో అడిగి తెచ్చుకోవచ్చు, ఆ గొంతు ఏ ఆఫీసూ ఇవ్వదు. మధ్యలో "ఫార్మాట్ చేయాలా?" అని కంప్యూటర్ అడిగితే వద్దనండి. తప్పులు దిద్దే చెక్‌డిస్క్ వంటివి కాపీ అయిన తర్వాతే నడపండి. తీసేటప్పుడు తీగ లాగేయకుండా, తెరమీద ఎజెక్ట్ నొక్కి ఆగి తీయండి.

సోదరులారా, ఇంత చెప్పిన నేను ఒక తప్పు ఒప్పుకోవాలి. తీగ పాడవడం, హబ్బు చాలకపోవడం పెద్ద తప్పులు కావు. ఆమె గొంతును అన్నేళ్ళు ఒకే పెట్టెలో, ఒకే బీరువాలో ఉంచడం నా తప్పు. ఎంత మంచి డిస్కయినా ఒకనాడు ఆగేదే. ఇప్పుడు మూడు నకళ్ళున్నాయి. రెండు వేర్వేరు పెట్టెలలో మా యింట్లో, ఒకటి మా అమ్మాయి దగ్గర. ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చిన రోజునే ఆ డిస్కులు కూడా తెరిచి చూస్తాను. మనం బతికే ఉన్నామని చెప్పుకునే రోజున, అవి కూడా బతికే ఉన్నాయో లేదో చూసుకోవడం మంచిది కదా!

సాంవత్సరికానికి ఆ పాట అందుకోలేకపోయాం. నాలుగు రోజులు ఆలస్యంగా విన్నాం. మా మనవరాలు నానమ్మ గొంతు వినడం అదే మొదటిసారి.

మీ ఇళ్ళలో కూడా ఇటువంటి పెట్టె ఒకటి ఉండే ఉంటుంది. ఈ సాయంత్రమే దాన్ని తెరిచి, ఇంకొక నకలు తీయించండి.