గుండెలోని చిన్న చెవి



నేను వైద్యుఁడను గాను. బడిలోఁ దెలుఁగు చెప్పినవాఁడను. గుండె శస్త్రచికిత్సకుఁ బోవువారికిఁ బక్షవాతము రాకుండ వైద్యులు కనుఁగొన్న యొక యుపాయము మన గ్రామపెద్దలకుఁ దెలియవలెనని యీ నాలుగు మాటలు.

తమ్మిలేరు ఏలూరు ప్రక్కగాఁ బాఱి కొల్లేటఁ గలియును. కొల్లేటినీరు ఉప్పుటేటి మీఁదుగా సముద్రముఁ జేరును. ఏ మూలనో మడుగులో నీరు నిలిచెనా, గుఱ్ఱపుడెక్క యల్లుకొనును. గుండెలోను నట్టి మూల యొకటి కలదు. గుండె పైయఱలకుఁ గర్ణికలని పేరు. కర్ణిక యనఁగాఁ జెవికమ్మ. తామరదుద్దునకును నదియే పేరు. ఎడమకర్ణికకు నిజముగనే చిన్న చెవివంటి సంచి యంటియుండును. కర్ణిక తాళము తప్పి వణఁకుచున్నచో నా సంచిలో రక్తము నిలిచి గడ్డకట్టును. ఆ గడ్డ జాఱి మెదడునాళమున నడ్డుపడినచోఁ బక్షవాతమే. మణికట్టు పట్టి చూచినను దాళము తప్పుట కొంత తెలియును, ఈ.సి.జి. పరీక్షలో నిశ్చయమగును.

ఇట్టివారికిఁ గవాటము బాగుచేయుటకో, మూసికొనిపోయిన నాళమునకు మాఱుదారి వేయుటకో ఎట్లును ఱొమ్ము తెఱచినప్పుడు, ఆ సంచిని గూడ మూసివేసిన నేమగును? కెనడా వైద్యుల యాధ్వర్యమున 27 దేశములలో సుమారు 4,800 మందియందుఁ బరీక్షించి, 2021లోఁ బ్రకటించిరి. ఇంచుమించు నాలుగేండ్లలో, సంచి మూయనివారియందు వేయింటికి 70 మందికిఁ బక్షవాతమో, అట్టి గడ్డ వేఱొక యంగమున నడ్డుపడుటయో సంభవించెను. మూసినవారియందు 48 మందికే.

"ఆపరేషను అయినది గదా, ఇంక మాత్ర లెందుకు?" అను మాట మన యూళ్లలో వినుచుందుము. అది ప్రాణముమీఁదికిఁ దెచ్చు మాట. ఆ పరీక్షలో సంచి మూయించుకొన్నవారిలోఁ బెక్కండ్రు రక్తము గడ్డకట్టనీయని మాత్రలు వాడుచునే యుండిరి. సంచి మూయుట మందునకుఁ దోడు గాని బదులు గాదు. లోహకవాటము పెట్టించుకొన్నవారికి వార్ఫరిన్ మాత్ర జీవితాంతము వలయును. ఆ మందు కథ వింతయైనది. అమెరికాలో బూజుపట్టిన గడ్డి మేసి పశువులు నెత్తురు కాఱి చచ్చుచుండఁగా, కారణము వెదకినవారికి దాని మూలము దొరికెను. తొలుత నెలుకలమందుగా నమ్మిరి. 1954 నుండి మనుష్యుల కిచ్చుచున్నారు. హెచ్చినచో నెత్తురు కాఱును, తగ్గినచో గడ్డకట్టును. కావున రక్తపరీక్షఁ జూచి వైద్యుఁడే మోతాదు చెప్పవలెను. ఆకుకూర మానఁబనిలేదు, ఒకవారము గంపెఁడు తిని, మఱువారము ముట్టకుండుట మాత్రము కూడదు.

తాడేపల్లిగూడెము వారైనను, కొల్లేటి లంకలవారైనను, కోఁతకు ముందు శస్త్రవైద్యు నడుగుఁడు: నాడి తాళము తప్పినదా? తప్పినచో నా సంచిని మూయుట మావానికిఁ దగునా? ఇంటికి వచ్చిన పిదప మూతి వంకరపోయినను, చేయి వాలినను, మాట తడఁబడినను, వెంటనే 108కి ఫోను చేయుఁడు. ఎన్ని గంటలకు మొదలైనదో గుర్తుంచుకొని, మందులచీటి వెంటఁ గొనిపొండు.