వినబడుతుంది, అర్థం కాదు

దుమ్ముగూడెం, చర్ల వైపు బడిలో ఒక చిన్నపిల్లను "పలక తీసి, బొమ్మ గీసి, పక్కన పేరు రాయి" అంటే, పలక తీసి ఆగిపోతుంది. రేకుల కప్పు మీద వాన పడుతుంటే అదీ తీయదు. "ఆఁ?" అని మళ్లీ మళ్లీ అడుగుతుంది. మొద్దు అని తిట్టకండి, పాపం. చెవి బాగానే ఉన్నా, విన్న మాటను మెదడు విడదీసుకోలేకపోతోందేమో. లేదా ఇంట్లో కోయ భాష మాట్లాడే పిల్లకు తెలుగే కొత్త కావచ్చు. కోయలో చెప్పినా తడబడుతోందా, గమనించండి. చెవిలో చీము, గులిమి ఉన్నాయేమో ముందు డాక్టరుకు చూపించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు, సర్కారు బడులకు వచ్చినప్పుడు వినికిడి సంగతి అడగండి. విన్న మాటను మెదడు విడదీసుకోలేని ఇబ్బందిని తేల్చే ప్రత్యేక పరీక్షలు సాధారణంగా 7 ఏళ్లు నిండాకే చేస్తారు. అప్పటిదాకా ముందు వరసలో కూర్చోబెట్టి, ముఖంలోకి చూస్తూ, ఒక్కో పనే చెప్పండి.