హిమపాతమును కొలుచువారు



తెలుగునాట మంచు అనగా ధనుర్మాసపు వేకువజామున పైరులపై పరచుకొని, ప్రొద్దెక్కగానే మాయమగునది. దానిని కొలువవలసిన పని ఎవ్వరికిని కలుగదు. కాని ఉత్తర అమెరికాలో మహాసరోవరములకు దక్షిణమునను తూర్పునను ఉన్న సీమలలో మంచు వేరు. అచ్చట అది దూదిపింజలవలె ఆకాశమునుండి రాలి, మోకాలిలోతు, నడుములోతు, ఒక్కొక్కప్పుడు ఇంటి చూరువరకును పేరుకొనును. బాటలు మూయును, కప్పులు కూల్చును, ప్రాణములు తీయును. కావున అచ్చటి జనులకు మంచు ఎంత పడెనను లెక్క ముచ్చటయు నగును, బ్రదుకుతెరువుకు సంబంధించిన విషయమును నగును. తెలుగుదేశమునుండి చదువులకును ఉద్యోగములకును వెళ్లి అచ్చట కాపురముండువారును మొదటి శీతకాలములోనే ఈ సంగతి నేర్చుకొందురు.

న్యూయార్కు రాష్ట్రమున బఫెలో, రోచెస్టరు, సిరక్యూసు, బింగమ్టను, ఆల్బనీ అను నగరములు కలవు. శీతకాలమంతటిలో ఏ నగరమున ఎక్కువ మంచు పడునో ఆ నగరమునకు ‘బంగారు మంచుముద్ద’ అను బహుమానము కలదు. ఆకురాలు కాలము రాగానే మంచుపై అభిమానముగలవారు ఈ ఏటి లెక్క ఎంతకు చేరునో అని వాదములకు దిగుదురు. సిరక్యూసు నగరమున సగటున ఏటికి 120 అంగుళములకు మించి మంచు పడును. 1992-93 శీతకాలమున అది 192.1 అంగుళములకు చేరెను. పంటకాలమున రచ్చబండపై కూర్చుండి ఏ కార్తెలో వాన కురియునని రైతులు మాటలాడుకొనునట్లే వారును మాటలాడుకొందురు. వారిలో కొందరు ఒకజాతి గొంగళిపురుగు ఒంటిమీది గోధుమరంగు పట్టీ వెడల్పును చూచి చలి తీవ్రతను చెప్పబూనుదురు. పెద్దలనాటి నమ్మకములు ఏ దేశమునకును క్రొత్త కావు.

ఇంత మంచు అచ్చటనే పడుటకు కారణము సులభగ్రాహ్యము. ఉత్తరమునుండి మిక్కిలి చల్లని పొడిగాలి వీచును. సరోవరజలము వేసవి వేడిమిని కొంతకాలము నిలుపుకొనియుండును. చల్లని గాలి వెచ్చని నీటిమీదుగా సాగునపుడు అడుగుభాగమున వేడెక్కి, తేమను త్రాగి, పైకి లేచి, మేఘమై, ఆవలి ఒడ్డున మంచుగా రాలిపోవును. ఈ మేఘములు వెడల్పు తక్కువయై, నిడివి మిక్కుటమై, పట్టీలవలె సాగియుండును. పట్టీ క్రింద నున్న ఊరు మునిగిపోవును. ప్రక్క ఊరిలో ఎండ కాయుచుండును. 2022 నవంబరులో బఫెలోకు దక్షిణమున నున్న హాంబర్గు పట్టణమున 80 అంగుళములకు మించి మంచు పడగా, పది మైళ్లకు కొంచెము అటునిటుగా నున్న విమానాశ్రయమున అందులో సగమైనను పడలేదు.

ఆంటారియో సరోవరమునకు తూర్పున టగ్‌హిల్ అను మెట్టభూమి కలదు. సరోవరపు గాలి ఆ మెట్టను ఎక్కునపుడు మరింత మంచును విడుచును. అచ్చట ఏటికి 200 అంగుళములు పడుట సామాన్యము. 1976-77 శీతకాలమున ఆ సీమలోని హూకరు అను కుగ్రామమున 466.9 అంగుళములు లెక్కకు వచ్చినవి.

అయితే ఈ లెక్కలు ఎవరు వ్రాయుదురు? విశేషముగా సామాన్యగృహస్థులే. అమెరికాలో 1849వ సంవత్సరమున జోసెఫ్ హెన్రీ అను శాస్త్రజ్ఞుడు స్మిత్సోనియన్ సంస్థ పక్షమున రమారమి 150 మంది స్వచ్ఛందసేవకులను చేర్చి వారిచే వాతావరణపు వివరములు వ్రాయించెను. 1890లో చేయబడిన శాసనమువలన ఈ సేవకు స్థిరమైన రూపము కలిగెను. నేడు అట్టి పరిశీలకులు వేలసంఖ్యలో ఉన్నారు. వారిలో రైతులు, ఉపాధ్యాయులు, విశ్రాంతోద్యోగులు కలరు. 1997 జూలైలో కొలరాడోలోని ఫోర్ట్‌కాలిన్సు పట్టణమున ఒక ప్రక్క 14 అంగుళముల వాన కురియగా, మరియొక ప్రక్క రెండంగుళములైన కురియలేదు. ఆ వరదలో ఐదుగురు మరణించిరి. కొలతలు దగ్గరదగ్గరగా లేనిచో ఆపద తెలియదని గ్రహించి, మరుసటి సంవత్సరము అచ్చటి విశ్వవిద్యాలయమువారు ఇండ్లవద్దనే వానను, మంచును కొలుచువారి సంఘము నొకదానిని ఆరంభించిరి. అది ఇప్పుడు అమెరికాలోని అన్ని రాష్ట్రములకును వ్యాపించినది.

ఈ సేవాపరంపరలో రిచర్డ్ హెండ్రిక్సన్ అను రైతు పేరు చెప్పదగినది. న్యూయార్కు రాష్ట్రపు సముద్రతీరమున బ్రిడ్జ్‌హాంప్టన్ గ్రామమున ఆయన వ్యవసాయము చేయుచు, కోళ్లను పెంచుచు, 1930లో యౌవనారంభమున వాతావరణపు పద్దు వ్రాయుటకు పూనుకొనెను. యుద్ధము వచ్చినను, తుఫాను వచ్చినను మానలేదు. 2014లో ఆ పని 84 ఏండ్లు నిండినప్పుడు ప్రభుత్వ వాతావరణశాఖ ఆయనను గౌరవించి, ఎనుబదేండ్ల సేవకు ఇచ్చు బిరుదునకు ఆయన పేరే పెట్టెను. ఆయన 2016లో 103 ఏండ్ల వయస్సున మరణించెను. ఆయన జీతమునకై వ్రాయలేదు, పేరునకై వ్రాయలేదు. రేపటివాని కుపయోగపడునని వ్రాసెను.

మంచును కొలుచుట వానను కొలుచుటవంటిది కాదు. నీరు పాత్రలో పడినచో పడినంత నిలుచును. మంచు మాత్రము తన బరువుచేతనే అణగిపోవును, గాలికి ఎగిరిపోవును, ఎండకు కరగును. పది అంగుళముల మంచు కరగినచో ఒక అంగుళము నీరగునని ముతకలెక్క. కాని సరోవరపు మంచు మిక్కిలి తేలికయై, ఇరువదియో ముప్పదియో అంగుళములు కరగినగాని ఒక అంగుళము నీరు కాకపోవచ్చును. అందుచేత కొలతకు ఒక నియమము ఏర్పరచిరి. గాలితాకిడి లేని చోట నేలపై తెల్లని పలక నుంచవలెను. దానిపై పడిన మంచును అంగుళములో పదవవంతు వరకు గురుతించి, పలకను తుడిచి, మరల పెట్టవలెను. దినమున కొకసారి కొలుచుట చాలును. ఎక్కువసార్లు కొలువదలచినచో ఆరేసి గంటల కొకసారి, అనగా దినమునకు నాలుగుసార్లకు మించి పనికిరాదు. ఏలయన గంటగంటకును తుడిచి కొలిచినచో మంచు అణగుటకు వ్యవధి ఉండదు. అట్టి కొలతలను కూడినచో నిజముగా నేలపై పేరుకొనినదానికంటె పెద్దలెక్క తేలును.

ఈ నియమమునకు 1997 జనవరిలో గట్టి పరీక్ష వచ్చెను. టగ్‌హిల్ సీమలోని మాంటేగ్ గ్రామమున 11, 12 తేదీలలో ఒక్క దినమున, అనగా 24 గంటలలో, 77 అంగుళముల మంచు పడినట్లు అచ్చటి స్వచ్ఛంద పరిశీలకుడు వ్రాసెను. అంతవరకు అమెరికా దేశమున అట్టి కొలతలలో పెద్దది 1921 ఏప్రిలులో కొలరాడోలోని సిల్వర్‌లేక్ వద్ద వచ్చిన 75.8 అంగుళములు. మాంటేగ్ లెక్క నిలిచినచో ఆ కుగ్రామమునకు దేశమంతట కీర్తి. మంచుప్రియుల సంతోషమునకు మేరలేదు.

కాని వాతావరణశాస్త్రజ్ఞుల సంఘము కూర్చుండి విచారణ చేసెను. కొలిచినవాని చిత్తశుద్ధిని ఎవ్వరును శంకింపలేదు. అతడు తుఫానులో నిదురమాని, ఒక్కొక్క కొలతను జాగ్రత్తగా తీసినమాట నిజము. అయితే 24 గంటలలో ఆరుసార్లు కొలిచి పలకను తుడిచెను. కొన్ని కొలతల నడుమ ఆరు గంటల వ్యవధి లేదు. కావున ఆ కూడిక నియమబద్ధము కాదనియు, దేశపు రికార్డుగా స్వీకరింప వీలులేదనియు తీర్పు చెప్పిరి. అతడు చేసిన దోషము అలసత్వము కాదు, అత్యుత్సాహము. శ్రద్ధ ఎక్కువగుట వలననే కీర్తి తప్పెను.

ఈ తీర్పు కఠినమని ఆ సీమవారికి తోచినది. ఆలోచించినచో దాని న్యాయము తెలియగలదు. 1921లో కొలిచినవాడును 1997లో కొలిచినవాడును ఒకే నియమమును పాటించినగాని ఇరువురి అంకెలను ప్రక్కప్రక్కన పెట్టుటకు వీలులేదు. కుంచము మారినచో రాశులను పోల్చుట యెట్లు? ఏండ్లతరబడి వ్రాసిన పద్దుపుస్తకపు విలువ దానిలోని గొప్ప అంకెలలో లేదు. ప్రతి అంకెయు ఒకే కుంచముతో కొలువబడినదను నమ్మకములో ఉన్నది.

మరియొక సంగతి కూడ గమనింపదగినది. సరిగా కొలిచిన మొత్తము సైతము ఆపదను పూర్తిగా చెప్పదు. 1976లో చలి ముందుగా వచ్చి, లోతు తక్కువదైన ఈరీ సరోవరము డిసెంబరు నడుమనే గడ్డకట్టెను. నీరు గడ్డకట్టినచో గాలికి తేమ దొరకదు గనుక ఇక పెద్దమంచు ఉండదని తలంచుట సహజము. కాని గడ్డకట్టిన సరోవరముపై పొడిమంచు వేల ఎకరముల మేర పేరుకొని యుండెను. 1977 జనవరి 28వ తేదీన గంటకు అరువది మైళ్లు మించిన గాలి లేచి, ఆ మంచునంతటిని ఎత్తి బఫెలో నగరముపై పోసెను. ఆ తుఫానులో ఆకాశమునుండి క్రొత్తగా పడినది రమారమి ఒక అడుగు మాత్రమే. ఐనను ఇండ్లు కప్పుల వరకు మునిగెను. 29 మంది మరణించిరి. వారిలో కొందరు మంచులో చిక్కిన తమ కార్లలోనే ప్రాణములు విడిచిరి. 2022 డిసెంబరులో క్రిస్మసు దినములందు అదే నగరప్రాంతమున మరల అట్టి తుఫాను వచ్చి నలువదికి మించిన ప్రాణములను బలిగొనెను. ఆ రెండు సందర్భములలోను గాలివేగమును, కనుచూపుమేర తగ్గుటయు, చలియు అంగుళముల లెక్కకంటె ముఖ్యమైనవి. మంచులెక్కను వినోదముగా చూచువాడు ఈ మాట మరువరాదు.

ఇక రాబోవు కాలపు సూచనలను గూర్చి. అమెరికా ప్రభుత్వ శాఖవారు శీతకాలమునకు ముందు సూచన ప్రకటింతురు. కాని వారు ఏ ఊరిలో ఎన్ని అంగుళముల మంచు పడునో చెప్పరు. వేడిమి సగటుకంటె ఎక్కువ యగుటకు ఎంత అవకాశము, తక్కువ యగుటకు ఎంత, వాన మంచులు కలిసి ఎక్కువ యగుటకు ఎంత అని మాత్రమే చెప్పుదురు. ఒక్కొక్క మంచుతుఫాను సంగతి వారము రోజులకు ముందుగా చెప్పుట సామాన్యముగా అసాధ్యము. అందుచేత సంవత్సరపు మొత్తమును ముందే అంకెతో చెప్పువానిని వినవచ్చును గాని, నమ్మి కట్టెలు కొనుట మానరాదు.

ఆ సూచనలకు ముఖ్యమైన ఆధారములలో ఒకటి పసిఫిక్ మహాసముద్రపు వేడి చల్లదనముల ఊగిసలాట. ఎల్‌నినో, లానినా అను పేరులు నేడు తెలుగు రైతులకును పరిచితములే. ఈ ఊగిసలాటలో గాలి బరువునకు సంబంధించిన భాగమును కనుగొన్నది మంచుసీమ కాదు. భారతదేశపు వాన కొరకైన వెదుకులాట. 1876-78 సంవత్సరములలో మద్రాసు రాజధానిలోని బళ్లారి, కర్నూలు, కడప మండలములను మహాక్షామము పీడించెను. దానినే తెలుగువారు ధాత కరువని చెప్పుకొనిరి. 1875లో స్థాపింపబడిన భారత వాతావరణశాఖకు ప్రథమాధికారియైన హెన్రీ బ్లాన్ఫర్డు, వర్షాభావము నకు పూర్వచిహ్నములను వెదకుచు, హిమాలయములపై వసంతమున మంచు అధికముగా పడినచో తరువాతి ఋతుపవనము బలహీనపడునని 1884లో ప్రతిపాదించెను. దానిపై ఆధారపడి 1886 జూన్ 4వ తేదీన మొదటిసారి క్రమబద్ధమైన వానసూచన వెలువడెను. అనగా హిమాలయముపై మంచు పడిన లెక్కయే రాయలసీమ చేనిలో జొన్న పండునా లేదా అను ప్రశ్నకు మొదటి ఆధారమయ్యెను.

ఆ సూత్రము అన్ని ఏండ్లును నిలువలేదు. 1899లో సూచన యొకటి, జరిగినది మరియొకటి. దేశమున ఘోరమైన అనావృష్టి కలిగెను. 1904లో శాఖాధిపతియైన గిల్బర్ట్ వాకర్ గణితవేత్త. ఒక్క మంచునే నమ్ముకొనక, ప్రపంచమునలుమూలల నున్న కేంద్రముల పద్దులను తెప్పించి, వాటి నడుమ సంబంధములను లెక్కలు కట్టించెను. ఆ శ్రమనుండియే పసిఫిక్, హిందూ మహాసముద్రముల మీద గాలి బరువు త్రాసుతట్టలవలె ఊగుచున్నదను విషయము బయటపడెను. న్యూయార్కు రాష్ట్రపు మంచుప్రియుడు ఆకురాలు కాలమున లానినా వచ్చునా అని విచారించునపుడు, తానెరుగకయే భారతదేశపు కరువుల నుండి పుట్టిన విద్యను ఆశ్రయించుచున్నాడు.

వాకరు చేసిన పనికి ఆధారము ఎవరో పేరులేని గుమాస్తాలు, ఉపాధ్యాయులు, స్వచ్ఛందసేవకులు దినదినమును వ్రాసిన అంకెలు. వారిలో ఒక్కడు బద్ధకించి ఊహించి వ్రాసినను, ఊరిగొప్పకై పెంచి వ్రాసినను, ఆ భవనపు పునాదిలో ఒక రాయి కదలును. మాంటేగ్ గ్రామపు తీర్పులోని సారమిదియే.

గ్రంథాలయమును నిలుపువారికి ఈ నీతి క్రొత్తది కాదు. ఇరువదియైదు సంవత్సరములు తలుపు తెరచి, వచ్చిన పుస్తకమును, పోయిన పుస్తకమును తప్పక పద్దులో వ్రాసిన చేతులకు నియమమనగా ఏమో తెలియును. తెలుగుపల్లెలో మంచును కొలువ నక్కరలేదు. వానను కొలువవలసిన అక్కర చాలగా కలదు. ఊరికి ఊరికిని వాన మారునని రైతులందరును ఎరుగుదురు. మండలకేంద్రపు కొలత పది మైళ్ల ఆవలి చేనికి వర్తింపకపోవచ్చును. గ్రంథాలయపు ఆవరణలో చెట్టునీడ, గోడచాటు లేని చోట ఒక వర్షమాపకమును నిలిపి, వాతావరణశాఖవారి వాడుక ననుసరించి ప్రతిదినము ఉదయము 8-30 గంటలకు చూచి, పడినంత వ్రాసి, పడనిదినమున సున్న వ్రాసినచో చాలును. బడిపిల్లలు వంతులవారీగా ఆ పని చేయగలరు. ఆ సున్నలకును విలువ కలదు. స్వర్ణోత్సవమునాడు ఆ పుస్తకమును తెరచి చూచువానికి ఈ ఊరి ఇరువదియైదేండ్ల వాన, వ్రాసినవారి నిజాయితీ, రెండును ఒక్కచోటనే కానవచ్చును.