బొమ్మ విమానం – రెక్కల కింది సరంజామా

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద ఏటా ఆరోగ్యం గురించో, డి.ఏ. బకాయిల గురించో వింటూ ఉంటాము. ఈసారి కార్యదర్శిగారు "మీ బొమ్మ విమానాల సంగతి చెప్పండి" అన్నారు. విమానం మొత్తం చెప్పాలంటే పొద్దు చాలదు. అందుకని ఫైటర్ విమానం రెక్కల కింద వేలాడే బాంబులు, రాకెట్లు, క్షిపణులు, అదనపు ఇంధన ట్యాంకుల గురించి మాత్రం మనవి చేస్తాను.

చాలామంది విమానాన్ని శ్రద్ధగా చేసి, చివర్లో పెట్టెలో ఉన్న బాంబులన్నీ తగిలించేస్తారు. నిజానికి ఆ విమానం ఆ రోజు ఏ పని మీద వెళ్ళిందో చెప్పేది ఆ సరంజామాయే. గూడ్సు బండి ఏ సరుకు మోస్తోందో చూస్తే ఎక్కడికి పోతోందో మనకు తెలిసేది గదా, అలాగన్నమాట.

మనందరికీ తెలిసిన మిగ్-21నే తీసుకుందాం. 1963లో మన వైమానిక దళంలో చేరింది. దీని ఎలక్ట్రానిక్ పరికరాల తయారీ కోసమే 1965లో హైదరాబాదులో హెచ్.ఎ.ఎల్. విభాగం పెట్టారు. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో ఈ విమానానికి వీడ్కోలు పలికారు. 1971 యుద్ధంలో ఎగిరిన ఎఫ్.ఎల్. రకానికి సరంజామా తగిలించే చోట్లు మూడే: రెక్కకు ఒకటి చొప్పున రెండు, పొట్ట కింద ఒకటి. దీని లోపల తుపాకీ లేదు. అందుకని జంట గొట్టాల 23 మిల్లీమీటర్ల తుపాకీని పెట్టెలో అమర్చి పొట్ట కింద కట్టేవారు. అది కడితే అక్కడ ట్యాంకుకు చోటుండదు. రెక్కల కింద రాకెట్లు పెడితే క్షిపణులు ఉండవు. ఒకటి కావాలంటే ఒకటి వదులుకోవలసిందే. బొమ్మ చేసేవాడు ముందు తేల్చుకోవలసింది ఇదే.

1971 డిసెంబరు 14న ఢాకాలో గవర్నరు భవనం మీద దాడి చేసిన మిగ్-21లు రాకెట్లతో వెళ్ళాయి. రాకెట్ గొట్టాల పెట్టె ఒక్కోదానిలో 16 రంధ్రాలు, రాకెట్ లావు 57 మిల్లీమీటర్లు. నేను చేసేది 72వ వంతు కొలత. లెక్క కడితే ఒక్కో రంధ్రం 0.8 మిల్లీమీటరు వస్తుంది. చిటికెన వేలి గోరంత ముఖం మీద 16 రంధ్రాలు పెట్టాలి. మొదట సూదితో గుర్తులు పెట్టుకుని, వేళ్ళతో తిప్పే చిన్న డ్రిల్లుతో నెమ్మదిగా తొలుస్తాను. లోపల నల్లరంగు పలచగా వదిలితే దానంతట అదే పాకుతుంది.

క్షిపణి పని ఇంకా సున్నితం. మిగ్ మోసిన కె-13 లావు 127 మిల్లీమీటర్లు. బొమ్మలో అది రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు, పొడవు 4 సెంటీమీటర్లు. రెండు సగాలు అతికించి ఒక రాత్రి ఆరనివ్వాలి. అతుకును బ్లేడుతో గీకి, తడి ఎమరీతో రుద్దాలి. కిట్‌లో రెక్కముక్కలు మందంగా వస్తాయి, వాటిని కాగితంలా పలచన చేయాలి. నాలుగు రెక్కలూ సరిగ్గా కూర్చోవడానికి అట్టముక్కలో కూడిక గుర్తులాగా గాడి కోసి, అందులో నిలబెట్టి అతికిస్తాను.

రంగుల పని మన పెయింట్ షాపు వారికి నేను చెప్పనక్కరలేదు. ప్రైమరు, పలచని రెండు మూడు కోట్లు, ఆపైన అక్షరాలు. అగరుబత్తి పుల్లలకు గుచ్చి థర్మోకోల్‌లో నిలబెడితే చేతికి అంటవు. నీళ్ళ స్టిక్కర్లు వేసేముందు మెరుపు వార్నిష్, వేశాక మెరుపు లేని వార్నిష్. వేడిని వెతుక్కుంటూ పోయే క్షిపణికి ముక్కు దగ్గర అద్దం ఉంటుంది. అక్కడ మాత్రం మెరుపు ఉంచాలి. పట్టీలకు బ్రష్షు వాడను. రంగు వేసిన స్టిక్కరు కాగితాన్ని సన్నగా కోసి చుడతాను. అమెరికా పద్ధతిలో పసుపు పట్టీ అంటే పేలుడు పదార్థం, గోధుమరంగు అంటే రాకెట్ మోటారు, నీలం అంటే శిక్షణకు వాడే ఉత్తది. ఆ గుర్తులను రష్యా బాంబు మీద వేస్తే గూడ్సు వ్యాగను మీద పాసింజరు పెట్టె అక్షరాలు రాసినట్టే. అందుకే ఫొటో చూడకుండా రంగు కలపను.

మా బావగారు ఎయిర్‌ఫోర్సులో విమానాలకు బాంబులు, రాకెట్లు ఎక్కించే ట్రేడులో చేసి రిటైరయ్యారు. ఇప్పుడు వారికి చూపు బాగా తగ్గింది. పోయిన సంక్రాంతికి మా ఇంటికి వచ్చినప్పుడు ఆ మిగ్‌ను వారి చేతిలో పెట్టాను. రెక్క కింద వేళ్ళతో తడుముతూ, "రాకెట్ల పెట్టె" అన్నారు. కాసేపాగి, "ఫొటోల్లో పైలటు ఉంటాడయ్యా. రెక్క కింద వంగి పనిచేసినవాళ్ళం మేముండం" అన్నారు. ఈ సరంజామా సరిగ్గా చేయడమంటే ఆ వంగిన నడుములను గుర్తు పెట్టుకోవడమని నాకు అప్పుడనిపించింది. మన వర్క్‌షాపు సంగతి మాత్రం వేరా? బండి కదిలితే డ్రైవరు కనిపిస్తాడు, బ్రేకు బిగించిన ఫిట్టరు కనిపించడు.

అప్పుడు పక్కనే ఉన్న మా మనవరాలు, "తాతయ్యా, ఇవి ఎవరి మీద పడ్డాయి?" అని అడిగింది. బావగారూ నేనూ ముఖాలు చూసుకున్నాం. అబద్ధం చెప్పలేదు. మనుషులున్న భవనం మీద పడ్డాయన్నాను. ఆ రోజే గవర్నరు మాలిక్ రాజీనామా చేశారనీ, రెండు రోజులకు, 16న, పాకిస్తాన్ సేనలు ఢాకాలో లొంగిపోయాయనీ చెప్పాను. అది కాసేపు ఆలోచించి, "అయితే ఇది ఆడుకునే బొమ్మ కాదు" అంది. నిజమే. ఉత్త రెక్కలతో విమానం పక్షిలా ముచ్చటగా ఉంటుంది. రెక్కల కింద సరంజామా పెట్టాక అది ఎందుకు పుట్టిందో చెబుతుంది. పిల్లలకు ఆ మాట దాచకుండా చెప్పగలిగితేనే ఈ పని చేయాలని నా అభిప్రాయం.

ఆసక్తి ఉన్నవారికి రెండు మాటలు. చేతులు వణుకుతున్నాయని వెనుకాడకండి. మోచేతులు రెండూ బల్ల మీద ఆనిస్తే వణుకు చాలావరకు తగ్గుతుంది. దీపం ఉన్న భూతద్దం వాడండి. రంగులు వేసేటప్పుడు కిటికీ తెరవండి, రుద్దేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. రోజుకు గంటకు మించి కూర్చోకండి.

మీ బంధువుల్లో విమానాల దగ్గర పనిచేసినవారుంటే, వారు చెప్పే సంగతులు ఇప్పుడే రాసి పెట్టుకోండి. కొలతలు పుస్తకాల్లో దొరుకుతాయి. ఆ మాటలు ఇంకెక్కడా దొరకవు.