పదకొండు నెలల కాగితం



బాన్సువాడలోని మా ఇల్లు రిటైర్మెంటు డబ్బుతో కట్టినది. అబ్బాయి దగ్గరికి పోతూ కిరాయికిచ్చాను. పదకొండు నెలల కాగితానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదంటారు కదా, నేనూ స్టాంపు పేపరుతో సరిపెట్టాను. నాలుగేళ్లకు మా ఆవిడ మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేక తిరిగొచ్చాం. కిరాయిదారు ఖాళీ చేయనన్నాడు.

వకీలుగారు కాగితం చూసి పక్కన పెట్టేశారు. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో రిజిస్ట్రేషన్ చట్టాన్ని సవరించారు. అప్పటినుంచి ఎంత గడువు లీజైనా రిజిస్టరు కావలసిందే. లేకుంటే అందులోని షరతులు కోర్టులో నిలవవు. ఏటా కిరాయి పెంపు అని రాసుకున్నదీ పోయింది. చివరికి ఆస్తి బదలాయింపు చట్టం 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసిచ్చాం. ఇల్లు చేతికొచ్చేదాకా ఏడాదిన్నర చెల్లెలింట్లో ఉన్నాం. వాళ్లేమీ అనలేదు, నాకే ముద్ద దిగేది కాదు.

ఈసారి కొత్త కిరాయిదారును వెంటబెట్టుకొని సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లాను. ఖర్చు నేనే పెట్టుకున్నాను.