గడియారం చూడండి, 108కి ఫోన్ చేయండి

చిలమత్తూరులో ఓ ఇంట్లో పెద్దాయన కాఫీ తాగుతుండగా చేతిలో గ్లాసు జారిపడిందనుకోండి. మూతి వంకరపోయింది, మాట ముద్దగా వస్తోంది. అది పక్షవాతం కావచ్చు. చాలామందిలో మెదడు రక్తనాళానికి రక్తపు గడ్డ అడ్డుపడటమే దీనికి కారణం. చికిత్స అందకపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నరాల కణాలు చనిపోతాయి.

ఆసుపత్రిలో నర్సు మొదట అడిగేది ఒక్కటే: "చివరిసారిగా ఎన్ని గంటలకు బాగున్నారు?" ఎందుకంటే, గడ్డ కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. వేలికొసన రక్తపు చుక్క తీసి షుగర్ చూస్తారు. షుగర్ బాగా పడిపోయినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. సి.టి. స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలాలి. బి.పి. 185/110 దాటితే ముందు తగ్గించాలి. ఇంజెక్షన్ ఇచ్చాక మొదటి రెండు గంటలు ప్రతి 15 నిమిషాలకూ బి.పి. చూస్తారు. మింగగలరని పరీక్షించేదాకా నోటికి ఏమీ ఇవ్వరు.

ఇంట్లోనూ అంతే. నీళ్లు తాగించకండి, మాత్ర మింగించకండి, పసరు మందుల కోసం తిరగకండి. వేళ రాసుకోండి, వెంటనే 108కి ఫోన్ చేయండి. సి.టి. స్కాన్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లమని అడగండి. తెల్లారాక చూద్దాం అనుకోకండి.