గుల్మర్గు మంచువాలు

మన తెలుగునకు మంచు అను మాట ఒక్కటే. పుష్యమాసపు వేకువను గడ్డిపరకలపై నిలిచిన బిందువులను మంచే యందుము. దారి కనబడనీయక కమ్ముకొను తెల్లని పొగయు మనకు మంచే. హిమాలయ శిఖరములపై నున్నదియు మంచే. సంస్కృతమునుండి హిమము, తుహినము మున్నగు మాటలు తెచ్చుకొంటిమి గాని, అవి కావ్యములలో వినబడునవే గాని కళ్లములలో వినబడునవి కావు. నడుములోతు మంచు కురిసి ఇంటి తలుపు తెరచుకొనని అవస్థ మనకు ఏనాడును లేదు గనుక, దానికి వేరొక మాట కావలసిన అవసరమును కలుగలేదు. కాశ్మీరీభాషలో దానిని 'షీన్' అందురు. ఆ షీన్ వలననే నేడు పేరుపొందిన ఒక కొండబయలును గూర్చి ఈ ప్రసంగమున నాలుగు మాటలు చెప్పదలచితిమి.

ఆ బయలు గుల్మర్గు. శ్రీనగరమునుండి సుమారు 50 కిలోమీటర్ల దూరమున, బారాముల్లా జిల్లాలో, పీర్ పంజాల్ పర్వతముల ఒడిలో ఉన్నది. సముద్రమట్టమునకు ఎత్తు దాదాపు 2,650 మీటర్లు. చుట్టును దేవదారుల అడవి, నడుమ వెడల్పైన పళ్లెమువలె పచ్చిక, దానికి మీదుగా ఆఫర్వటు కొండ. 'మర్గు' అనగా కొండలలోని పచ్చికబయలు. పూర్వము దీనిని గౌరి పేర గౌరీమార్గమని పిలిచెడివారట. 16వ శతాబ్దిలో కాశ్మీరమేలిన యూసుఫ్ షా చక్ దీనికి గుల్మర్గు, అనగా పూలబయలు, అని పేరు పెట్టెను. జహంగీరు చక్రవర్తి ఇచ్చట 21 రకముల అడవిపూలను సేకరింపజేసెనని ప్రసిద్ధి. రాజులు పూలకొరకు వచ్చిరి. గుజ్జర్లు పశువుల మేతకొరకు వచ్చిరి. ఇరువురును వేసవిలోనే వచ్చి, తొలిమంచు పడకముందే దిగిపోయిరి. గుల్మర్గు చరిత్రలో పెద్దభాగము మంచునుండి తప్పించుకొని పోయిన చరిత్రయే.

ఆంగ్లేయులు వచ్చిన తరువాతను ఈ పద్ధతి చాలకాలము మారలేదు. పంజాబు మైదానపు ఎండలు పడలేక వారు కొండలెక్కిరి. దిగువనున్న టంగ్‌మర్గువరకే బండ్లు వచ్చెడివి. అచ్చటినుండి పైకి గుఱ్ఱములమీదనో, మనుషులు మోయు డోలీలలోనో పోవలెను. కొయ్య యిండ్లు కట్టుకొనిరి. గాల్ఫ్ మైదానము సిద్ధపరచుకొనిరి. 1902లో ఒక చర్చి కట్టిరి. అది నేటికిని ఉన్నది. ఒక గుట్టమీద డోగ్రా రాజకుటుంబము శివాలయమొకటి నిర్మించినది. 1974లో వచ్చిన 'ఆప్ కీ కసమ్' అను హిందీ చిత్రము చూచినవారికి ఆ గుడి పరిచితమే. 2024 జూన్ నెలలో ఆ గుడికి నిప్పంటుకొని కాలిపోయినది. ఇంత సంబరమును వేసవి నాలుగు మాసములదే. చలి ముదిరినంతనే తలుపులకు తాళములు పడెడివి.

మంచుకొరకు గుల్మర్గునకు పోవుట అను విపరీతము 1927లో మొదలైనది. ఆ సంవత్సరమున హేడో, డగ్డేల్ అను ఇద్దరు బ్రిటిష్ సైనికోద్యోగులు ఇచ్చట స్కీ క్లబ్ ఆఫ్ ఇండియాను స్థాపించిరి. క్రిస్మసు సెలవులలో ఒకసారి, ఈస్టరు సెలవులలో ఒకసారి పోటీలు జరిగెడివి.

ఈ క్రీడ ఎట్టిదో కొంచెము చెప్పవలెను. స్కీ యనగా పాదమునకు బిగించుకొను సన్నని పొడవైన పలక. ముందుకొన పైకి వంగియుండును. ఆనాడు వీనిని కొయ్యతో చేసెడివారు. మనిషి బరువును పలక తన పొడవెల్ల పంచుకొనుట చేత కాలు మంచులో దిగబడదు, వాలుమీద జారిపోవును. జారుట ఎవరికైనను చాతనగును. ఆగుటయు మలుపు తిరుగుటయు మాత్రము పడి లేచి నేర్చుకొనవలసినవి. నేడు కొండపైకి యంత్రము చేర్చును. ఆనాడు ఆ సదుపాయము లేదు. పలకల అడుగున సీలుచర్మపు పట్టీలు తగిలించుకొని ఎక్కెడివారు. ఆ చర్మపు రోమములు ఒకవైపునకే వాలియుండును గనుక పలక ముందుకు సాగును గాని వెనుకకు జారదు. ఇట్లు పూటంతయు శ్రమించి ఖిలన్‌మర్గు చేరి, పట్టీలు విప్పి, కొద్ది నిమిషములలో క్రిందికి వచ్చెడివారు. పూటంత ఎక్కి గడియలో దిగు ఆటకు మోజు ఎట్లు కలిగినదా యని మనబోంట్లకు తోచవచ్చును. పెద్ద పండుగకు మూడు రోజులు పిండివంటలు చేసి ఒక్క పూటలో తినివేయు మనము వారిని ఆక్షేపింపరాదు.

1947లో ఆ కాలము ముగిసినది. ఆ అక్టోబరున సరిహద్దు దాటివచ్చిన దండు బారాముల్లాను దోచినది. మన సైన్యము నవంబరు 8న ఆ పట్టణమును తిరిగి స్వాధీనము చేసికొన్నది. మరుసటి సంవత్సరమంతయు యుద్ధము కొండకనుమలలో సాగినది. 1948 నవంబరు 1న, పదునొకండువేల అడుగులకు మించిన జోజిలా కనుమమీదికి, ఎవరును ఊహింపని రీతిని టాంకులను ఎక్కించి లడఖు దారి తెరపించినవాడు జనరల్ తిమ్మయ్య. మంచులో పోరుటకు శౌర్యమొక్కటే చాలదని ఆ సంవత్సరము నేర్పినది. మైదానములనుండి పోయిన సిపాయి మంచుమీద నడవనైన నేర్చుకొనవలెను గదా! ఆయన నాయకత్వముననుండిన 19వ పదాతి డివిజను 1948లోనే గుల్మర్గున ఒక స్కీ పాఠశాలను ఆరంభించినది. అదియే పెరిగి నేడు హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూలు, అనగా ఎత్తుకొండల యుద్ధవిద్యాలయము, అయినది. విహారయాత్రికుల పుస్తకములలో దీనికి సాధారణముగా ఒక వాక్యమునకు మించి చోటు దొరకదు. గుల్మర్గు స్కీ చరిత్రలో అసలు మలుపు ఇదియని మా అభిప్రాయము. సెలవులకు వచ్చినవారి ఆట అక్కరగల విద్య అయినది ఇచ్చటనే. ఆ విద్యకు చెల్లించిన మూల్యమును తక్కువది కాదు. 2010 ఫిబ్రవరి 8న శిక్షణ పొందుచున్న సైనికులమీద మంచుచరియ విరిగిపడి 17 మంది మరణించిరి.

పౌరులకొరకు మరల పని ఆరంభమైనది 1968లో. కేంద్ర ప్రభుత్వ పర్యాటకశాఖ ఆహ్వానముపై రుడాల్ఫ్ మాట్ అను ఆస్ట్రియా దేశపు స్కీ విజేత వచ్చి హిమాలయ ప్రాంతములు చూచి, శీతకాలపు క్రీడలకు గుల్మర్గు అనువైనదని నిర్ణయించెను. ఆ యేడే స్కీయింగునకును పర్వతారోహణమునకును ఇచ్చట ఒక జాతీయ శిక్షణసంస్థ ఏర్పడినది. మెల్లమెల్లగా టంగ్‌మర్గు చుట్టుపట్ల పల్లెల పిల్లలు పలకలమీద నిలుచుట నేర్చిరి. గుల్ ముస్తఫా దేవ్ అను ఇచ్చటి యువకుడు 1988లో కెనడాలోని కాల్గరీ నగరమున జరిగిన శీతకాలపు ఒలింపిక్సులో పాల్గొనెను. తాతలనాడు మంచు పడగానే గదులలో కాంగిడి కుంపటి ఒడిలో పెట్టుకొని కూర్చున్న ఊళ్లనుండి ఇట్టి యువకుడు బయలుదేరుట చిన్న మార్పు కాదు.

ఇక ఆకాశమార్గపు తీగబండి కథ. దీనిని గండోలా యందురు. ఫ్రాన్సు దేశపు పొమగాల్స్కీ సంస్థ యంత్రసామగ్రితో 1980 దశకము చివర పని మొదలైనది. అంతలోనే కాశ్మీరమున తుపాకుల కాలము వచ్చిపడినది. యాత్రికుల రాక సన్నగిల్లినది. పని ఏండ్ల తరబడి నిలిచినది. చాల ఆలస్యముతో 1998లో గుల్మర్గునుండి కొంగ్‌డోరివరకు మొదటి దశ తెరచిరి. కొంగ్‌డోరినుండి ఆఫర్వటు భుజమువరకు, అనగా దాదాపు 3,950 మీటర్ల ఎత్తువరకు, రెండవ దశ 2005లో పూర్తియైనది. సీలుచర్మములతో పూటంతయు ఎక్కిన కొండకు నేడు కొన్ని నిమిషముల ప్రయాణము. పైనుండి దిగు వాలులు యంత్రముతో చదునుచేసినవి కావు. పడిన మంచు పడినట్లే పొడిగా, లోతుగా ఉండును. అట్టి మంచుకొరకే దూరదేశములనుండి స్కీ ప్రియులు వెదకికొని వత్తురు. 2017 జూన్ 25న పెనుగాలికి చెట్టు కూలి తీగమీద పడగా ఒక పెట్టె నేలకు జారి ఏడుగురు మృతిచెందిరి. వారిలో ఢిల్లీనుండి వచ్చిన ఒక కుటుంబము నలుగురు, స్థానికులు ముగ్గురు.

మేమొకసారి ఫిబ్రవరి మాసమున ధ్వనిముద్రణ యంత్రము వెంటగొని అచ్చటికి పోయితిమి. వానచప్పుడు, అలలహోరు రేడియోకు ఎంత సొంపైనవో శ్రోతలకు తెలియును. మంచు కురియు చప్పుడును పట్టి తెత్తమని మా ఉబలాటము. దేవదారు క్రింద అరగంట నిలిచితిమి. మంచు ధారాపాతముగా కురిసినది. తిరిగివచ్చి వినిపింపగా మా నిలయ ఇంజనీరు, యంత్రము నడిపించుట మరచితిరా యని అడిగెను. మంచుకు చప్పుడు లేదు. ఉన్న చప్పుళ్లును అది మింగివేయును. ఆ ముద్రణలో నిలిచినది మా ఊపిరియు, దూరమున కొయ్యబండిమీద యాత్రికుని కూర్చుండబెట్టి లాగుకొనిపోవు మనిషి కేకయును మాత్రమే.

ఆ కొయ్యబండి లాగువారే గుల్మర్గు నేటి గృహస్థులు. స్కీలు అద్దెకిచ్చువారు, నేర్పువారు, గుఱ్ఱములవారు, దారి చూపువారు, అందరికిని మంచే పంట. 2022లో బీజింగు ఒలింపిక్సునకు మనదేశమునుండి పోయిన ఏకైక క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్ ఇట్టి కుటుంబమునుండి వచ్చినవాడే. తండ్రికి గుల్మర్గున స్కీ పరికరముల అంగడి. నాలుగేండ్ల ప్రాయముననే కుమారుని పలకలమీద నిలిపెనట. 2018లో ధనము చాలక ఒలింపిక్సునకు అర్హత సంపాదించు ప్రయత్నమునే ఆరిఫ్ విరమించుకొనవలసి వచ్చెను. నాలుగేండ్ల తరువాత బీజింగులో జయంట్ స్లాలమ్ అను పోటీలో 45వ స్థానమున నిలిచెను. ఆనాడు వాలుమీద దట్టముగా మంచు కురియుచుండెను. ఎందరో మేటి క్రీడాకారులు నడుమనే తప్పుకొనిరి. ఈతడు చివరివరకు దిగెను. 45 అనిన సంఖ్య చిన్నచూపు చూడదగినది కాదని మా మనవి.

ఈ పంట మేఘములను నమ్ముకొన్నది. మధ్యధరా సముద్రమువైపునుండి శీతకాలమున వచ్చు పశ్చిమ విక్షోభములు పీర్ పంజాలును తాకి మంచు కురియును. డిసెంబరు 21 మొదలు నలుబది దినములను కాశ్మీరీలు 'చిల్లై కలాన్', పెద్దచలి, అందురు. ఆ దినములలో పడిన మంచు గడ్డకట్టి నిలుచును. వేసవిలో ఊటలకు, తోటలకు అదియే నీరు. ఆలస్యముగా పడినది అంత నిలువదు, త్వరగా కరగును. అందుచేత ఎంత కురిసినది అనుటకంటె ఎప్పుడు కురిసినది అనునదే ముఖ్యము. 2024 జనవరిలో విక్షోభములు రాలేదు. తెల్లగా ఉండవలసిన స్కీవాలులు ఎండుగడ్డి రంగున కనబడెను. నేర్పువారికి శిష్యులు లేరు, బండ్లవారికి బాడుగలు లేవు. జనవరి చివర గాని మంచు పడలేదు. 2020లో ఆరంభమైన ఖేలో ఇండియా శీతకాల క్రీడలు ఆ యేడు ఇచ్చట ఫిబ్రవరి మూడవవారమునకు జరిగినవి. పూర్వము తొలిమంచు చూచి దిగిపోయిన కొండకు, నేడు మంచు లేదని విని ఎక్కుట మానుకొనుచున్నారు.

మరుసటి యేడును అదే కథ. 2025లో ఫిబ్రవరి 22న ఆరంభింపవలసిన క్రీడలు మంచు చాలక వాయిదా పడినవి. ఆ మాసపు చివరిదినములలో, చిల్లై కలాన్ ముగిసి నాలుగు వారములైన పిమ్మట, మంచు కురిసినది. పోటీలు మార్చి 9న మొదలిడి 12న ముగించిరి.